మార్చిన మూత్రపిండం మన్నేదెన్నాళ్లు?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా మొదలవుతుంది. పటంలో ఉన్న ఆ గీత బంధుత్వాలకు ఏనాడూ అడ్డు రాలేదు. బరంపురం పరిసరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కవిటిలోనో, సోంపేటలోనో, కంచిలిలోనో ఆడపిల్లను ఇచ్చిన ఇల్లు ఉంటుంది. కోడలిని తెచ్చుకున్న ఇల్లు ఉంటుంది. అందువల్ల ఉద్దానం మూత్రపిండ వ్యాధి ఇక్కడివారికి పొరుగు రాష్ట్రపు వార్త కాదు, ఇంటి వార్త.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను దశాబ్దాలుగా పీడిస్తున్న ఈ వ్యాధికి మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. అయినా చికిత్స విషయంలో కొంత కదలిక వచ్చిన మాట వాస్తవం. పలాస, సోంపేట, కవిటి వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వెలిశాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు చేర్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం కూడా అప్పుడే మొదలైంది. నీటి గురించి, పడకల గురించి, డయాలసిస్ యంత్రాల గురించి చర్చ జరిగింది, జరుగుతూనే ఉంది. చర్చకు రానిది ఒక్కటే. మూత్రపిండం మార్పిడి చేయించుకుని ఇంటికి తిరిగి వచ్చిన వ్యక్తి ఆ తరువాతి పదేళ్లు, ఇరవై ఏళ్లు ఎలా గడుపుతున్నాడన్నది ఎవరికీ పట్టడం లేదు.

మన ఊళ్లలో మార్పిడి అంటే గండం గడిచినట్లేనన్న భావన బలంగా ఉంది. పొలం అమ్మి, నగలు కుదువ పెట్టి, తల్లో భార్యో తన శరీరంలోని ఒక అవయవాన్ని ఇచ్చి చేయించిన శస్త్రచికిత్స విజయవంతమైతే ఇక చింత లేదనుకుంటారు. వైద్యుల అనుభవం మరొకటి చెబుతోంది. శస్త్రచికిత్స నేడు చాలా వరకు సురక్షితమైనది. మూత్రపిండం మన్నిక అంతకు మించి ఆ తరువాతి సంవత్సరాల మీద, అంటే రోగి ఇంటి మీద, ప్రభుత్వ విధానం మీద ఆధారపడి ఉంది.

తొలి ఏడాది గెలుపు, తరువాతి ఓటమి

ప్రపంచంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో జరిగింది. డాక్టర్ జోసెఫ్ మర్రే రోనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చారు. ఇద్దరూ ఒకే పోలిక కవలలు కావడంతో శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించలేదు. అయినప్పటికీ రిచర్డ్ ఎనిమిదేళ్లే జీవించి 1963లో మరణించాడు. మొదటి మూత్రపిండాలను పాడుచేసిన వ్యాధే కొత్తదానిలోనూ తిరగబెట్టింది. దాత రోనాల్డ్ మాత్రం ఒకే మూత్రపిండంతో 56 ఏళ్లు జీవించి 2010లో, 79 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అవయవం అతకడం ఒక ఎత్తు, అది మన్నడం మరో ఎత్తు అన్న సత్యం తొలి కేసులోనే వెల్లడైందన్నమాట. డాక్టర్ మర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది.

మన దేశంలో ఈ చికిత్స 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో విజయవంతమైంది. చిత్తూరు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆసుపత్రికి నాటి నుంచి నేటి వరకు తెలుగు రోగులు బారులు తీరుతూనే ఉన్నారు. ఆ రోజులలో అసలు సమస్య శరీరం చేసే తిరస్కరణ. మరణించిన దాతల నుంచి తీసిన మూత్రపిండాలలో దాదాపు సగం ఏడాది తిరగకుండానే పోయేవి. 1980వ దశకంలో సైక్లోస్పోరిన్, 1990వ దశకంలో టాక్రోలిమస్ అనే మందులు వాడుకలోకి రావడంతో పరిస్థితి మారిపోయింది. నేడు మంచి కేంద్రాలలో నూటికి తొంభైకి పైగా మూత్రపిండాలు తొలి ఏడాదిని నిరాటంకంగా దాటుతున్నాయి.

అయితే తొలి ఏడాది ఫలితాలు మెరుగుపడినంత వేగంగా దీర్ఘకాల ఫలితాలు మెరుగుపడలేదు. అమెరికాలోని లెక్కలను పరిశీలిస్తే, 1995-99 మధ్య మరణించిన దాతల నుంచి అమర్చిన మూత్రపిండాలలో సగం 8.2 ఏళ్లకే పనిచేయడం మానేశాయి. 2014-17 మధ్య అమర్చినవాటికి ఈ కాలం 11.7 ఏళ్లని అంచనా. జీవించి ఉన్న దాతలు ఇచ్చినవాటి విషయంలో అది 12.1 నుంచి 19.2 ఏళ్లకు పెరిగింది. ఇవి సగటు రోగికి సంబంధించిన అంచనాలు. ముప్ఫై ఏళ్లు పనిచేసిన మూత్రపిండాలూ ఉన్నాయి, మూడేళ్లకే పోయినవీ ఉన్నాయి. ఈ తేడా ఎందుకు వస్తున్నదన్నదే ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన విషయం.

శస్త్రచికిత్సకు ముందే తేలేవి

కొన్ని కారణాలు మార్పిడికి ముందే నిర్ణయమై ఉంటాయి. దాత జీవించి ఉన్న వ్యక్తా, జీవన్మృతుడా అన్నది వాటిలో మొదటిది. జీవించి ఉన్న దాత నుంచి తీసిన మూత్రపిండం వెంటనే పక్క గదిలోని రోగికి చేరుతుంది. జీవన్మృతుని నుంచి తీసినది మంచుపెట్టెలో గంటల తరబడి ప్రయాణం చేయవలసి రావచ్చు. ఆ సమయం పెరిగిన కొద్దీ దాని సత్తువ తగ్గుతుంది. దాత వయసు, రక్తపోటు, దాతకూ గ్రహీతకూ మధ్య కణజాల పోలిక కూడా లెక్కలోకి వస్తాయి.

రెండవది, డయాలసిస్ మీద గడిపిన కాలం. ఎన్ని ఏళ్లు డయాలసిస్ సాగితే గుండె, రక్తనాళాలు అంతగా దెబ్బతింటాయి. మార్పిడి ఎంత త్వరగా జరిగితే అంత మేలని వైద్యశాస్త్రం నిస్సందేహంగా చెబుతోంది. మన ప్రాంతంలో మాత్రం డబ్బు కూడేదాకా, దాత దొరికేదాకా, కాగితాలు తేలేదాకా నెలలు సంవత్సరాలవుతున్నాయి. ఈలోగా రక్తం తగ్గిందని పదే పదే ఎక్కించే రక్తం మరో చిక్కు తెస్తుంది. పరాయి రక్తానికి స్పందించి శరీరం ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. అవి తరువాత వచ్చే మూత్రపిండానికి శత్రువులవుతాయి. అనేకసార్లు గర్భం ధరించిన స్త్రీలలోనూ ఇవి ఉండవచ్చు. కాబట్టి మార్పిడి ఆలోచన ఉన్నవారు రక్తం ఎక్కించుకునే ముందు మూత్రపిండ వైద్యుని సంప్రదించడం అవసరం.

దాత విషయంలో మన బంధుత్వాలకూ చట్టానికీ పొంతన లేదన్న సంగతి చాలామందికి ఆసుపత్రి మెట్లెక్కేదాకా తెలియదు. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం తల్లిదండ్రులను, సంతానాన్ని, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను, భార్యాభర్తలను దగ్గరి బంధువులుగా గుర్తించింది. 2011 సవరణ తాతలను, అమ్మమ్మ నాయనమ్మలను, మనుమలను చేర్చింది. మేనమామ, మేనత్త, బావ, మరదలు, అల్లుడు, కోడలు ఈ జాబితాలో లేరు. మేనరికాల నాడు ఇంటి మనిషిగా ఎంచిన మేనమామ చట్టం దృష్టిలో దూరపు దాత. అతని దానానికి అధీకృత కమిటీ అనుమతి కావాలి. దాత ఒక రాష్ట్రంలో, రోగి మరో రాష్ట్రంలో ఉంటే కాగితాల పని ఇంకా పెరుగుతుంది. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, మరో కార్డులో వెనుక ఉండడం, ఒకచోట ఒడియా అక్షరక్రమం, మరొకచోట తెలుగు అక్షరక్రమం ఉండడం సరిహద్దు కుటుంబాలకు అనుభవమే. ఆ పొరపాట్లను ముందుగా సరిదిద్దుకోవడం వల్ల ఆదా అయ్యే ప్రతి నెలా రోగి గుండెకు మేలు చేస్తుంది.

మరచిపోని శరీరం

మార్పిడి తరువాతి కాలంలో అన్నిటికన్నా ముఖ్యమైనది మందుల క్రమం. శరీర రక్షణ వ్యవస్థకు పరాయి అవయవాన్ని గుర్తుపట్టడం పుట్టుకతో వచ్చిన స్వభావం. పదేళ్లు గడిచినా అది కొత్త మూత్రపిండాన్ని సొంతదిగా అంగీకరించదు. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులు దానిని అణచి ఉంచుతాయి, మాన్పించవు. అణచివేత సడలిన రోజున దాడి మళ్లీ మొదలవుతుంది.

ఈ దాడిలోని ప్రమాదం దాని నిశ్శబ్దం. నొప్పి ఉండదు. మూత్రం వస్తూనే ఉంటుంది. రోగి పొలానికి వెళ్తూనే ఉంటాడు. రక్తంలో క్రియాటినిన్ పెరిగి కాళ్లకు నీరు చేరే నాటికి మూత్రపిండంలో చాలా భాగం మచ్చలు కట్టి ఉంటుంది. ఆ మచ్చలను కరిగించే మందు లేదు. రెండు రోజులు మందు మానినా ఏమీ కాలేదన్న అనుభవమే రోగిని మూడో రోజు, నాలుగో రోజు మానేలా చేస్తుంది. వివిధ దేశాల అధ్యయనాలను గుదిగుచ్చి 2004లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, పోయిన మూత్రపిండాలలో మూడో వంతుకు పైగా మందులు సరిగా వాడకపోవడంతో ముడిపడి ఉన్నాయి. మందులు తప్పేవారిలో మూత్రపిండం పోయే అవకాశం ఇతరులకన్నా ఏడు రెట్లు అధికమని కూడా అదే సమీక్ష తేల్చింది.

మందులు తప్పేది నిర్లక్ష్యం వల్లనే అనుకోవడం పొరపాటు. నెలకు వేల రూపాయలయ్యే మందులను కొనలేక రోజుకు రెండు పూటల మోతాదును ఒక పూటకు కుదించుకునేవారు ఉంటారు. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో తప్ప దొరకని మందు నిండుకుంటే, ఎవరైనా ఊరికి వచ్చేదాకా ఎదురుచూసేవారు ఉంటారు. సూరత్‌కో చెన్నైకో వలస వెళ్లి, అక్కడ అడిగే నాథుడు లేక మానేసేవారూ ఉంటారు. 2020 మార్చిలో దేశమంతటా రాకపోకలు స్తంభించినప్పుడు సరిహద్దు చెక్‌పోస్టులు మందు తెచ్చుకోవడాన్నే గగనం చేశాయి.

యువతీయువకుల విషయం ప్రత్యేకించి చెప్పుకోవాలి. పదిహేడు మొదలు ఇరవై నాలుగేళ్ల మధ్య వయసులో మూత్రపిండం పోయే ప్రమాదం అధికమని పలు దేశాల అనుభవం. తల్లి చేతిమీదుగా మందు వేసుకున్న పిల్లవాడు కాలేజీ హాస్టల్‌కు వెళ్లగానే తోటివారి ముందు మాత్రలు మింగడానికి సిగ్గుపడతాడు. ముఖం ఉబ్బిందని, మొటిమలు వచ్చాయని ఆడపిల్లలు స్టెరాయిడ్ మాత్రను దాచేస్తారు. ఇటువంటి పిల్లలు చదివే చోట కనీసం ఒక అధ్యాపకునికైనా విషయం తెలిసి ఉండాలి. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో తల్లిదండ్రులు దాన్ని గుట్టుగా ఉంచడం వల్ల పిల్లలకే నష్టం.

ఊరి మందుల షాపులో పొంచి ఉన్న ముప్పు

మందులు క్రమంగా వేసుకునేవారికి సైతం మరో ప్రమాదం పొంచి ఉంది. టాక్రోలిమస్ రక్తంలో ఉండవలసిన పరిమాణం చాలా ఇరుకైనది. తగ్గితే తిరస్కరణ, పెరిగితే ఆ మందే మూత్రపిండానికి విషం. అందుకే దాని స్థాయిని రక్తపరీక్షతో కొలుస్తారు. పరీక్ష రోజున ఉదయపు మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చిన తరువాత వేసుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక ముందే మాత్ర వేసుకుని వెళ్తే, వచ్చిన అంకె తప్పుదారి పట్టిస్తుంది. వైద్యుడు దాన్ని చూసి మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది.

జ్వరానికో దగ్గుకో ఊరి వైద్యుడిచ్చే సాధారణ మందులు ఈ సమతూకాన్ని చెడగొట్టగలవు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, కొన్ని బూజువ్యాధి మందులు టాక్రోలిమస్ స్థాయిని పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దానిని పాతాళానికి దించుతుంది. క్షయ మన దేశంలో మార్పిడి రోగులను సాధారణ ప్రజలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టే వ్యాధి కావడం గమనార్హం. క్షయ చికిత్స తప్పనిసరి, మూత్రపిండాన్ని కాపాడుకోవడమూ తప్పనిసరి. ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు, మార్పిడి చేసిన వైద్యుడు మాట్లాడుకుంటే తప్ప ఈ రెండూ పొసగవు.

ఒళ్లు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి మూత్రపిండానికి నేరుగా హాని చేస్తాయి. పసరు మందులు, ఏమి కలిపారో తెలియని చూర్ణాలు కూడా అంతే. తీరప్రాంతపు పెరళ్లలో కాసే పంపర పనస సైతం టాక్రోలిమస్ స్థాయిని పెంచవచ్చు కనుక దానికి దూరంగా ఉండడం మేలు. విరేచనాలు పట్టుకున్నప్పుడు మందు స్థాయి పెరగడమే గాక ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండం దెబ్బతింటుంది. దాన్ని మామూలు అజీర్తిగా భావించి ఇంట్లో ఉండిపోరాదు. ఒక కంపెనీ మందుకు బదులు చౌకగా దొరికే మరో కంపెనీ మందుకు మారడం తప్పు కాదు. వైద్యునికి చెప్పి, మారిన తరువాత రక్తంలో మందు స్థాయి చూపించుకుంటేనే అది క్షేమం.

మూత్రపిండం బాగున్నా మనిషి దక్కని స్థితి

మూత్రపిండం చక్కగా పనిచేస్తుండగానే రోగి మరణించడం దీర్ఘకాల వైఫల్యానికి మరో ప్రధాన కారణం. గుండెజబ్బు, అంటువ్యాధులు, క్యాన్సర్ ఇందుకు దారితీస్తున్నాయి. స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ కలిసి అంతకు ముందు లేని చక్కెర వ్యాధిని తెచ్చిపెట్టగలవు. రక్తపోటు పెరుగుతుంది. కొవ్వు పేరుకుంటుంది. ఏళ్ల తరబడి పథ్యం చేసిన మనిషి మార్పిడి తరువాత ఆకలి తిరిగి వచ్చి, ఇష్టమైనవన్నీ తిని బరువు పెరగడం సర్వసాధారణం. బీడీ, చుట్ట, ఖైనీ మానకపోతే కొత్త మూత్రపిండం గుండెను కాపాడలేదు.

రక్షణ వ్యవస్థను అణచి ఉంచినందువల్ల చిన్న జ్వరం కూడా పెద్దది కావచ్చు. అవసరమైన టీకాలను వీలైనంత వరకు మార్పిడికి ముందే వేయించుకోవాలి. జీవించి ఉన్న సూక్ష్మజీవులతో తయారైన టీకాలు మార్పిడి తరువాత కూడదు. సంతానం కోరుకునే స్త్రీలు కనీసం ఏడాది ఆగి, వైద్యుని సలహాతో ముందుగా మైకోఫెనోలేట్‌ను మార్పించుకోవలసి ఉంటుంది. ఆ మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. జీడితోటలలో, కొబ్బరి తోటలలో, ఉప్పు మడులలో మండుటెండన పనిచేసేవారు నీరు తాగక ఒళ్లు ఎండగట్టుకుంటే ఒక్కటే ఉన్న ఆ మూత్రపిండంపై భారం పడుతుంది. పని వేళలు మార్చుకోవడం వారికి మందుతో సమానం.

గీత దాటని పథకాలు

ఇక ప్రభుత్వాల పాత్ర. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు మార్పిడిని అందుబాటులోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో నేడు ఆ పథకం ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతోంది. డయాలసిస్ రోగులకు నెలకు ఇచ్చే పింఛను 2019లో 10,000 రూపాయలకు పెరిగింది. 2024 జూలై నుంచి మార్పిడి చేయించుకున్నవారి పింఛను కూడా ఆ స్థాయికి చేరింది. తమిళనాడులో ప్రభుత్వ ఆసుపత్రులలో మార్పిడి జరిగినవారికి, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్నవారికి జీవితాంతం ఉచితంగా మందులిచ్చే ఏర్పాటు ఉంది. ఒడిశాలో 2018లో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రపు ఆయుష్మాన్ భారత్ పథకం కూడా ఆ రాష్ట్రంలో అమలులోకి వచ్చింది.

ఇవన్నీ మెచ్చుకోదగినవే. కాని వీటన్నిటికీ ఒకే లోపం ఉంది. పథకం ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రపు గీత దగ్గర అది ఆగిపోతుంది. రోగి ఓటు ఒకవైపు, రేషన్ కార్డు అటువైపే, అతనికి తెలిసిన భాషలో మాట్లాడే వైద్యుడు మరోవైపు ఉన్న కుటుంబం ఏ గుమ్మం తట్టాలి? పెళ్లయి గీత దాటిన ఆడపిల్ల పుట్టింటి కార్డులో పేరు పోగొట్టుకుని, అత్తింటి కార్డులో పేరు ఎక్కేదాకా ఏ పథకానికీ చెందకుండా మిగిలిపోతుంది. ఆయుష్మాన్ కార్డు ఇతర రాష్ట్రాలలో చెల్లుబాటయ్యేది ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలోనే, పథకం అనుమతించిన చికిత్సలకే. అది ఆసుపత్రిలో చేరిన రోగి కోసం రూపొందిన పథకం. ఇంట్లో కూర్చుని పదిహేనేళ్లు మాత్రలు మింగవలసిన రోగి దాని ఊహలో లేడు.

అవయవాల కేటాయింపులో మాత్రం ఒక మంచి మార్పు వచ్చింది. జీవన్మృతుల అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి స్థానికత నిబంధనను, 65 ఏళ్ల వయోపరిమితిని తొలగిస్తున్నట్లు కేంద్ర ఆరోగ్యశాఖ 2023లో ప్రకటించింది. అవయవానికి గీత లేదని ఒప్పుకున్నప్పుడు ఆ అవయవాన్ని బతికించే మందుకు గీత ఎందుకుండాలన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

ఖర్చు దృష్ట్యా చూసినా ఇది తెలివైన పని కాదు. మూత్రపిండం పోయిన రోగి తిరిగి డయాలసిస్‌కు వస్తాడు. వారానికి మూడు పర్యాయాల చొప్పున ఏడాదికి 156 సార్లు యంత్రం ఎక్కాలి. ఆ ఖర్చూ ప్రభుత్వానిదే. అతని కూలి పోతుంది, తోడు వచ్చేవారి కూలి పోతుంది. రెండో మార్పిడికి దాత దొరకడం మొదటిదానికన్నా కష్టం. లక్షలు వెచ్చించి మార్పిడి చేయించిన ప్రభుత్వమే మందుల దగ్గర చేయి వెనక్కు తీసుకోవడం నాటు వేయించి నీరు కట్టేయడం వంటిది.

చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా ప్రభుత్వాలు మార్పిడి రోగుల మందుల విషయంలో పరస్పర అంగీకారానికి రావచ్చు. ఎక్కడ శస్త్రచికిత్స జరిగినా రోగి తన ఇంటికి దగ్గరి జిల్లా ఆసుపత్రిలో నెల మందులు తీసుకునే వీలు కల్పించవచ్చు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలలో, పలాస ఆసుపత్రిలో రక్తం తీసుకుని మందు స్థాయి తెలిపే ఏర్పాటు చేస్తే రోగికి నెలనెలా దూరప్రయాణం తప్పుతుంది. మందుల పేర్లు, వేళలు, వాడకూడని మందుల జాబితా గల కార్డును తెలుగులోనూ ఒడియాలోనూ ముద్రించి ఇవ్వడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆసుపత్రి కాగితంలో ఇంగ్లీషులో ఉన్నదాన్ని చదవలేని అవ్వే చాలా ఇళ్లలో మందులు అందించే మనిషి అన్న సంగతి అధికారులు గుర్తించాలి.

ఇచ్చినవారి సంగతి

మన దేశంలో జీవించి ఉండి అవయవాలిచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు. తీసుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. ఈ దానంలో ప్రేమ ఎంత ఉందో, కాదనలేని స్థితి ఎంత ఉందో ప్రతి కుటుంబమూ తనను తాను ప్రశ్నించుకోవలసినది. సక్రమంగా పరీక్షలు చేసి ఎంపిక చేసిన దాత ఒక మూత్రపిండంతో ఆరోగ్యంగా జీవించగలదు. రోనాల్డ్ హెరిక్ జీవితం అందుకు సాక్ష్యం. అయితే ఏడాదికి ఒకసారి రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను చూపించుకోవడం ఆమె హక్కు. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లే రోజునే దాతకూ పరీక్ష చేయిస్తే సరిపోతుంది. శస్త్రచికిత్స ముగియగానే ఆమెను తిరిగి వంటింటికీ పొలానికీ అప్పగించి మరచిపోవడం న్యాయం కాదు. కారణం తెలియని మూత్రపిండ వ్యాధి పీడిస్తున్న ఉద్దానం వంటి ప్రాంతంలో ఒకే ఇంట దాతా రోగీ ఇద్దరూ అవే ఎండలలో, అవే పరిసరాలలో జీవిస్తారు కనుక ఈ జాగ్రత్త మరింత అవసరం.

ప్రభుత్వాలు స్పందించేదాకా కుటుంబాలు చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. కనీసం పదిహేను రోజుల మందు ఇంట్లో ఎల్లప్పుడూ అదనంగా ఉంచుకోవడం, ఉదయం సాయంత్రం పన్నెండు గంటల ఎడంతో ఒకే వేళకు మాత్ర వేసుకోవడం, ప్రతి పరీక్ష ఫలితాన్నీ ఒక పుస్తకంలో తేదీతో రాసుకోవడం, ఏ వైద్యుని వద్దకు వెళ్లినా మొదటి మాటగా మార్పిడి సంగతి చెప్పడం ప్రతి ఇంటికీ సాధ్యమైన పనులు. మందు కొనలేని నెల వస్తే మోతాదు తగ్గించుకోకుండా ఆ సంగతి సిగ్గుపడక వైద్యునికి చెప్పాలి. ఖర్చు తగ్గించే మార్గాలు వైద్యుని వద్ద ఉంటాయి. పోయిన మూత్రపిండాన్ని తిరిగి తెచ్చే మార్గం ఉండదు.

ఉద్దానానికి నీళ్లు వచ్చాయి, ఆసుపత్రి వచ్చింది. ఇక రావలసినది గీతకు అటూ ఇటూ ఒకేలా అందే నెల మందు. వచ్చే ఎన్నికలలో ఓటు అడగడానికి వచ్చే నాయకులను, వారు ఏ రాష్ట్రం వారైనా, సరిహద్దు గ్రామాలవారు అడగవలసిన ప్రశ్న ఇదే.